మా ఇంట్లో గతి లేదు

బోధన్,
జూన్ 3, 2025

ప్రవీణ బిడ్డకు,

ఎర్ర సిరా అంటిన వేళ్లతోనే దీవెనలు పంపుతున్నాను, తీసుకో. నీ ఉత్తరాన్ని ఈ కవరులోనే పెట్టి నీకే వెనక్కి పంపుతున్నాను. దిద్దడం మొదలుపెట్టి సగం పేజీకే ఆపేశాను. దిద్దాలంటే అందులో ముందు తెలుగు ఉండాలి కదా.

ఒక్క వాక్యం నీకే చూపిస్తాను. "హోమ్ కంప్యూటర్‌కి నెట్ కనెక్షన్ స్పీడ్ అస్సల్లేదు పెదనాయనా, డైలీ స్పీడ్ చెక్ చేసి స్క్రీన్‌షాట్ సెండ్ చెయ్యాలి, స్పీడ్ రాకపోతే పూణె ఆఫీసులో రిపోర్ట్ చెయ్యాలి." ఇందులో నాకు చుట్టాలైన మాటలు నాలుగో ఐదో. మిగతావి ఎవరి ఇంటివో నాకు తెలియదు. ఆ తర్వాత చదవలేదు. చదివినా అర్థమయ్యేది కాదు. బళ్లో పద్యాలు చెప్పుకొని బతికినవాణ్ణి, ఆ యంత్రాల సంగతి నాకేం తెలుసు.

నీకు కోపం వస్తుందని తెలుసు. రానీ. నాందేడ్‌లో మరాఠీ బడిలో చదివిన పిల్లవు, నీకు తెలుగు రాయడం నేర్పింది ఈ ఉత్తరాలే. మీ నాన్న రైల్వే క్వార్టర్‌లో కూర్చొని, "అన్నా, పిల్లకు మన అక్షరాలన్న రావాలె, నువ్వే జూడు" అని నాకు అప్పజెప్పాడు. వాడు పోయాక కూడా నేను ఆ పని మానలేదు. ఇప్పుడు నా చెవులు రెండూ పోయాయి. నువ్వు ఫోన్‌లో మాట్లాడితే మీ పెద్దమ్మ విని నాకు సైగలు చేస్తుంది. పోయినసారి పిల్లకు జ్వరం తగ్గిందని నువ్వు చెబితే, తగ్గలేదన్నట్టు ఆమె తల అడ్డంగా ఊపింది. రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. కాబట్టి మనిద్దరి మధ్య మిగిలింది ఈ కాగితమే. ఇది కూడా అర్థం కాకపోతే నీ మంచిచెడ్డలు నాకు ఎట్లా తెలుస్తాయి?

ఈసారి ఒక్క ఇంగ్లీషు మాట లేకుండా రాయి. మాట దొరక్కపోతే వెతుక్కో. సంస్కృతం మాటైనా పరవాలేదు, అది మనవాళ్లకు పాత చుట్టమే.

అల్లుడు గోపీ బండ్లు ఈ మధ్య ఎటు నడుస్తున్నాయి? గూడ్సు గార్డు డ్యూటీ అంటే మనిషి ఇంట్లో ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. ప్రణాలి అన్నం సరిగ్గా తింటోందా? నాలుగేళ్లు నిండాయి, ఒక పలక కొనిపెట్టు. మీ పెద్దమ్మ మామిడికాయ తొక్కు పెట్టింది, ఎవరైనా వస్తే జాడీ పంపుతాను.

సిరా బుడ్డి మూత తీసి కూర్చున్న
పెదనాయన వెంకట్రావ్


నాందేడ్,
జూన్ 9

పెదనాయనకూ పెద్దమ్మకూ దూరం నుంచే కాళ్లకు మొక్కి, ప్రవీణ.

నా ఉత్తరం నాకే తిరిగొస్తే చింపి పొయ్యిలో వేద్దామనుకున్నాను. కానీ నా మొర చెప్పుకోవడానికి మీరు తప్ప ఎవరున్నారు? అందుకే రెండు పూటలు కూర్చొని, మాటలు వెతికి వెతికి, ఒక్క ఇంగ్లీషు ముక్క లేకుండా రాస్తున్నాను.

నా కష్టం ఇది. మా ఇంట్లో గతి లేదు. పొద్దున లేవగానే నా మొదటి పని గతి చూసుకోవడం. ఒక్కో రోజు కాస్త బాగుంటుంది, హమ్మయ్య అనుకొని కూర్చునేలోపే పడిపోతుంది. మా సంగణకానికి బయటి సంపర్కం ఉండీ లేనట్టే, మాటిమాటికీ తెగిపోతుంది. వాన పడిందంటే ఆ ఉన్న కాస్తా ఉండదు.

పూణె వాళ్లు రోజూ మా గతి ఏమిటో చూపించమంటారు. చూపిస్తే, ఇంత తక్కువ గతితో ఎట్లా నెట్టుకొస్తున్నారమ్మా అంటారు. అక్కడి పై అధికారి శుభాంగి తాయి, అంటే శుభాంగి అక్క, మంచి మనిషే, కానీ ఆమె చేతిలో ఏమీ లేదు. ఈ నెలాఖరుకు మా గతి మెరుగుపడకపోతే నేను ఇల్లు వదిలి పూణె పోవలసిందే. ప్రణాలిని వెంట తీసుకుపోవడానికి లేదు. అక్కడి ఆడవాళ్ల వసతి గృహంలో పిల్లలను ఉండనివ్వరు. దాన్ని వదిలి నేను ఎట్లా ఉండాలి పెదనాయనా? నేను తల దువ్వకపోతే అది ఎవరి చేతా దువ్వించుకోదు.

మీ అల్లుడికి చెబితే, రోజూ నీ గతి గోల ఏంది అని అటు తిరిగి పడుకుంటారు. కొలువు నుంచి అలసిపోయి వచ్చిన మనిషిని ఏమనగలను? అయినా కోపం వస్తుంది.

ఒక్క ఆశ ఉంది. వెనక గల్లీలోని మా మామయ్య మిద్దె మీదుగా కొత్త తీగ పాకిస్తే మా గతి మారుతుంది. మామయ్యను అడిగితే, నా మిద్దె నీది కాదా బిడ్డా, పాకించుకో అన్నారు. కైలాస్ అనే అతను వచ్చి చూసి వెళ్లాడు. వచ్చే వారం తెస్తానన్నాడు. ఆ తీగ ఒక్కటి వస్తే చాలు, మేం బతికినట్టే.

ఇంతకంటే శుద్ధంగా రాయడం నా వల్ల కాదు. మీ ఉత్తరంలో 'కవరు', 'డ్యూటీ', 'ఫోన్' చూశాను. నేను ఎర్ర సిరా వాడలేదు.

గతి కోసం ఎదురుచూస్తూ,
ప్రవీణ


బోధన్,
జూన్ 15

బిడ్డా,

ఈసారి దిద్దలేదు. సిరా బుడ్డికి మూత పెట్టేశాను. మొదటి ఉత్తరంలో ఇంగ్లీషు మాటల చాటున దాచుకున్న కష్టమంతా తెలుగులో రాసేసరికి బయటపడింది. "మా ఇంట్లో గతి లేదు" అని నా తమ్ముడి కూతురు రాసే రోజు వస్తుందని నేను అనుకోలేదు.

ఒక్కో వాక్యం దగ్గర ఆగి చదివాను. సంగణకం అన్న మాట కాసేపు తికమక పెట్టింది. గణకుడంటే లెక్కలవాడు కదా, నువ్వు ఇంటి జమాఖర్చుల గురించి చెబుతున్నావని తేల్చుకున్నాను. బయటి సంపర్కం కూడా తెగిందంటే, నిన్ను నలుగురిలోకి పోనివ్వడం లేదన్నమాట. మీ లేమిని రోజూ చూపించమని అడిగే ఆ పూణె ఆడమనిషి ఎవరు? అడగడానికి ఆమెకేం హక్కు? ఇక గోపీ. పెళ్లిలో వాడు నా చేత కాళ్లు కడిగించుకోకుండా తప్పుకుంటే వినయం అనుకున్నాను. భార్య గతి లేదని మొత్తుకుంటే గోల అంటాడా?

అన్నిటికంటే ఆ తీగ నన్ను చంపేసింది. రైల్వే జీతం వచ్చే ఇంట్లో, మామగారి మిద్దె మీద సొర తీగో బీర తీగో పాకితే తప్ప గతి మారదని రాస్తావా? అది ఎప్పుడు పూయాలి, ఎప్పుడు కాయాలి? అప్పటిదాకా పిల్లకు ఏం పెడతావు? మీ పెద్దమ్మకు చదివి వినిపిస్తే పొయ్యి ఆర్పేసి కూర్చుంది.

నేను చేతులు కట్టుకొని కూర్చోలేదు. మీ మామగారు మధుసూదనరావుకు నిన్ననే రాశాను. మర్యాదగానే రాశాను. "బావగారూ, మా పిల్ల మీ ఇంట గతి లేక, మిద్దె మీద కాసే కాయల కోసం ఎదురుచూస్తోంది. మీ కొడుకు సంపాదన ఎటు పోతోందో అడగవలసినది మీరు. అడగలేకపోతే చెప్పండి, తల్లినీ పిల్లనూ నేను తెచ్చుకుంటాను." ఇంతే, ఇంకొక్క మాట ఎక్కువ రాయలేదు.

ఒక మూట బియ్యం, కందిపప్పు, తొక్కు జాడీ నాందేడ్ బస్సు కండక్టర్ పోచన్నకు అప్పజెప్పాను. నీ చేతికే ఇస్తే నీకు చిన్నతనంగా ఉంటుందని మీ మామగారి ఇంట్లో దింపమన్నాను.

పూణె మాట ఎత్తకు. నేను ఇంకా బతికే ఉన్నాను.

ముద్ద దిగని
పెదనాయన


నాందేడ్,
జూన్ 20

పెదనాయనా,

మొక్కులు తర్వాత. ముందు ఇది చదవండి. ఇందులో ఇంగ్లీషు ఉంటుంది, దిద్దకండి.

గతి అంటే స్పీడు. మరాఠీలో స్పీడును గతి అంటారు. మా కంపెనీ పంపే మరాఠీ కాగితంలో "గతి తపాసా" అని ఉంటుంది, స్పీడు చూసుకోండి అని. సంగణకం అంటే కంప్యూటర్. సంపర్కం అని నేను రాసింది ఇంటర్నెట్ కనెక్షన్‌ను. తీగ అంటే వైరు పెదనాయనా, వైరు. సొరకాయలు కాయదు. సంస్కృతం మాటైతే పరవాలేదన్నారు కదా, ఆ కాగితంలోని మాటలన్నీ సంస్కృతంలాగే కనిపించాయి, ఎత్తి రాసేశాను. గతిలేనోళ్లు అని మన ఇళ్లలో తిట్టుకోవడం నేనూ విన్నాను. రాసేటప్పుడు అది గుర్తే రాలేదు, తల నిండా ఆ పాడు స్పీడే ఉంది.

నేను ఇంట్లో కూర్చొని పూణె కంపెనీకి పనిచేస్తాను. ఫోన్ చేసినవాళ్ల ఫిర్యాదు విని, కంప్యూటర్‌లో ఎక్కించి, జవాబు చెప్పాలి. స్పీడు లేకపోతే అవతలి మనిషి గొంతు ముక్కలు ముక్కలుగా వస్తుంది, వాళ్లు నన్ను తిడతారు. అందుకే పని మొదలుపెట్టే ముందు ఒక పేజీ తెరిచి బటన్ నొక్కాలి. ముల్లు తిరిగి, నెట్ ఎంత స్పీడుగా వస్తోందో అంకె చూపిస్తుంది. ఆ బొమ్మ తీసి కంపెనీకి పంపాలి. వాళ్లు యాభై ఉండాలంటారు, నాకు పన్నెండు రావడమే గగనం. రౌటర్ పెట్టెను అల్మారా వెనక నుంచి తీసి కిటికీలో పెట్టాను. ఇంట్లో ఫోన్లన్నీ ఆపేశాను. వైరును నేరుగా కంప్యూటర్‌కే గుచ్చి చూశాను. ఎప్పుడో ఒకసారి ముల్లు పైకి పోతుంది, బొమ్మ తీసేలోపు కిందికి వచ్చేస్తుంది. నెట్ వాళ్లకు కంప్లయింట్ ఇస్తే "మా వైపు అంతా బాగుంది, మీ సమస్య పరిష్కారమైంది" అని మెసేజ్ పంపుతారు. మొన్న ఆ మెసేజ్ చూసి కీబోర్డును గుద్దాను. ఇప్పుడు ఒక అక్షరం లోపలికి పోయి లేవడం లేదు. పాత వైరు వేపకొమ్మల్లోంచి అతుకుల మీద అతుకులతో వస్తుంది. కొత్తది మామయ్య మిద్దె మీదుగా వస్తే తప్ప వేరే దారి లేదని కైలాస్ చెప్పాడు. మీకు రాసింది ఇదే.

మీ ఉత్తరమూ మీ బియ్యం మూటా ఒకే రోజు చేరాయి. మామయ్యకు తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు, ఆయనదీ మరాఠీ చదువే. పక్కింటి ఉమాబాయిని పిలిచి చదివించుకున్నారు. ఆమె అరుగు మీద నిలబడి, వీధిలో పోయేవాళ్లకు కూడా వినపడేలా చదివింది. అప్పుడే పోచన్న మూట దింపాడు. నన్ను పిలిపించి మామయ్య ఒక్కటే అడిగారు.

"నా ఇంట్ల నీకు తిండికి తక్కువైందా బిడ్డా?"

నేను ఏడుస్తూ అంతా చెప్పాను. గతి అనగానే ఆయనకు వెంటనే అర్థమైంది, మరాఠీ చదువు కదా. కానీ కోపం తగ్గలేదు. "నీకు తెలిసింది, నాకు తెలిసింది. గీ ఉమాబాయికి ఎవలు జెప్తరు? గల్లీకి ఎవలు జెప్తరు?" అన్నారు. మర్నాడు కైలాస్ వైరు చుట్ట భుజాన వేసుకొని వస్తే మెట్ల దగ్గర అడ్డం నిలబడ్డారు. నా మిద్దె మీద ఏ తీగా పాకదు, ఆ బోధన్ పంతులు మిద్దె మీద పాకించుకోమను అని పంపేశారు.

మీ అల్లుడు డ్యూటీ నుంచి వచ్చి సంగతి విన్నారు. అరవలేదు. అరిచినా బాగుండేది. కంచం ముందు కూర్చొని లేచిపోయారు. మీ బియ్యం మూట ఇంకా వాళ్ల అరుగు మీదే ఉంది, ఎవరూ లోపలికి తీసుకోలేదు.

నెలాఖరు దగ్గర పడుతోంది. దండం పెడతాను, ఇంకెవరికీ ఏమీ రాయకండి.

ప్రవీణ


బోధన్,
జూన్ 25

ప్రవీణకు,

నీ ఉత్తరం చేరింది. సిగ్గుపడ్డాను. కోపమూ వచ్చింది. రెండూ చెప్పుకుంటాను, విను.

గతి అంటే నడక అన్న అర్థం మనకూ ఉంది. మందగతి, వాయుగతి అని నేనే పిల్లలకు చెప్పాను. కానీ 'ఇంట్లో గతి లేదు' అని రాస్తే ఏ తెలుగువాడైనా నేను అనుకున్నదే అనుకుంటాడు. వేగం అని రాస్తే ఏం పోయింది? మరాఠీలో కూడా ఆ మాట ఉందట, ఇక్కడ బట్టల దుకాణం నందకిషోర్‌ను అడిగి తెలుసుకున్నాను. తీగ బదులు విద్యుత్తు తీగ అనో, ఇనుప తీగ అనో అన్నా ఇంత రభస జరిగేది కాదు. నేను చదవడంలో తొందరపడ్డాను, ఒప్పుకుంటాను. నువ్వు రాయడంలో తొందరపడ్డావు, అది నువ్వు ఒప్పుకో.

ఎవరికీ రాయొద్దన్నావు. నా వల్ల ఒక పెద్దమనిషి తల దించుకుంటే సంజాయిషీ ఇవ్వకుండా నేనెట్లా ఊరుకుంటాను? అందుకని మీ మామగారికి ఇంకో ఉత్తరం రాశాను. భయపడకు, ఇది పూర్తిగా క్షమాపణే. ఈ పొరబాటు పిల్లది కాదు, నాది కాదు, మరాఠీ బడులదని వివరంగా రాశాను. తల్లి భాషలో అక్షరం ముక్క నేర్పని చదువు చివరికి ఇట్లాగే ఇంటి పరువు తీస్తుందని, అందులో చదివినవాళ్ల తప్పేమీ లేదని కూడా రాశాను. ఉమాబాయి గారికి చదవడం తేలికగా ఉండాలని పెద్ద అక్షరాలు రాశాను.

ఇది చదివితే ఆయన మనసు కుదుటపడుతుంది, నీ వైరు నీకు వస్తుంది. శుభాంగి గారి చిరునామా పంపితే ఆమెకు కూడా నాలుగు ముక్కలు రాస్తాను, ఇంకో నెల గడువు ఇమ్మని. పిల్లల తల్లిని ఇట్లా పరుగులు పెట్టించే ఆ కంపెనీ పద్ధతి నాకు నచ్చలేదు.

ప్రణాలిని ముద్దాడానని చెప్పు.

తప్పులో సగం భరిస్తూ,
పెదనాయన


పూణె,
జూలై 12

పెదనాయనకు,

పైన ఊరి పేరు చూశారు కదా. వచ్చేశాను.

మీ రెండో ఉత్తరం కూడా ఉమాబాయే చదివింది. పెద్ద అక్షరాలు కాబట్టి ఎక్కడా ఆగలేదు. మరాఠీ చదువు ఇంటి పరువు తీస్తుందన్న చోట మామయ్య లేచి లోపలికి పోయారట. సాయంత్రానికి మిద్దె మెట్ల తలుపుకు తాళం వేశారు. నేను అడగడానికి పోతే అత్తమ్మే గుమ్మంలోంచి వద్దని సైగ చేసింది. మీ అల్లుడిని తండ్రి దగ్గరికి పొమ్మని పోరాను. "అటు పెదనాయన, ఇటు బాపు, నడుమ నన్నేం జేయమంటవ్?" అని డ్యూటీకి వెళ్లిపోయారు.

నెలాఖరు రోజు పొద్దున ఎన్నిసార్లు బటన్ నొక్కానో నాకే తెలియదు. బయట ముసురు. ముల్లు కాస్త లేవడం, పడడం, పేజీ తెల్లగా నిలబడిపోవడం. శుభాంగి తాయి ఫోన్ చేసి, మీ కాయ్ కరూ అంది. నేనేం చేయను అని. ఆమె మాత్రం ఏం చేస్తుంది?

పిల్ల అత్తమ్మ దగ్గరుంది. స్టేషన్‌కు తీసుకురావద్దన్నాను, అయినా తెచ్చారు. అది ఏడవలేదు. "ఇది పప్పా బండి గాదు గదా, నువ్వెందుకు ఎక్కినవ్?" అని అడిగింది. కిటికీలోంచి చెయ్యి చాపి దాని జడ సర్దాను.

ఇక్కడ స్పీడుకు ఏం లోటు లేదు. నొక్కీ నొక్కగానే ముల్లు చివరికంటా పోతుంది. చూస్తే ఒళ్లు మండుతుంది. సాయంత్రం పని అయ్యాక ఇంటి కంప్యూటర్‌కు వీడియో కాల్ చేస్తాను. అక్కడ నా మొహం నోరు తెరుచుకొని ఆగిపోతుందట. పిల్ల తెర మీద కొట్టి, "అమ్మ ఆగిపోయింది, నానమ్మా, అమ్మ ఆగిపోయింది" అంటుంది. ఏ మాట వచ్చినా రాకపోయినా ఆ మాట మాత్రం నాకు చక్కగా వినపడుతుంది.

మీ మీద నాకు కోపం ఉంది, దాచుకోను. అర్థం కాకపోతే, ఇదేంది బిడ్డా అని ఒక్క కార్డు ముక్క నాకు రాసి ఉంటే అయిపోయేది. నన్ను అడగలేదు. నా కష్టం మీ ఒక్కరికి చెప్పుకుంటే మీరు గల్లీ అంతటికీ చెప్పారు. నా బాగు కోరే చేశారని తెలుసు. అందుకే మీతో గట్టిగా పోట్లాడడానికి కూడా లేకుండా పోయింది.

ఇక ఇంటి నుంచి పని కావాలని నేను ఎవరినీ అడగను. ఎవరి మిద్దె మీదుగానూ ఏ వైరూ రావలసిన పని లేదు. నేను ఇక్కడే బాగున్నాను. మామయ్యకూ మీ అల్లుడికీ ఇదే చెప్పాను. దీపావళికి సెలవు దొరికితే వస్తాను.

పెద్దమ్మ మందులు మానకుండా వేసుకోమనండి.

ప్రవీణ


నాందేడ్,
ఆగస్టు 5

ప్రవీణ బిడ్డకు,

మీ ఇంట్లో, మీ కంప్యూటర్ బల్ల మీదే కాగితం పెట్టుకొని రాస్తున్నాను. ప్రణాలి నా కుర్చీ కింద దూరి గచ్చు మీద సుద్దముక్కతో గీతలు గీస్తోంది. తల దువ్వించుకుంది, మీ అత్తగారి చేతనే. నిన్ను అడిగి అడిగి ఊరుకుంది.

నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు నీ పాత ఉత్తరాలన్నీ తీసి మళ్లీ చదివాను. తర్వాత బస్సెక్కాను. మీ మామగారి గుమ్మంలో నిలబడితే ఆయన కూర్చోమనలేదు. తెలుగులో ఎన్ని మాటలు రాసి చెడగొట్టానో గుర్తొచ్చి, దారిలో బిలోలిలో బస్సెక్కిన ఒకామె దగ్గర నేర్చుకున్న మరాఠీ మాట అన్నాను. మాలా మాఫ్ కరా, అంటే నన్ను క్షమించండి అని. ఆయన ఏదో అన్నాడు. చెవులు పోయాక నేను మనుషుల పెదవులు చూసి మాట పట్టుకోవడం అలవాటు చేసుకున్నాను, కాబట్టి ఆయన అన్నది తెలిసింది. మాలా కాదు, మలా అనాలట. మాలా అంటే పూలదండట. ఇంకోసారి అనిపించాడు. సరిగ్గా అన్నాక కుర్చీ చూపించాడు. ఇన్నేళ్లు దిద్దినవాణ్ణి, దిద్దించుకుంటే ఎట్లా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

అయినా వైరు నా వల్ల రాలేదు. నేను వచ్చేసరికే ఆయన తాళం తీసేశాడు. మీ అత్తగారు నిదానంగా, నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఒక సాయంత్రం పిల్ల తెరను కొట్టి కొట్టి, "అమ్మను బాగుచేయి తాతా" అని ఆయన చేతికి స్క్రూడ్రైవర్ తెచ్చి ఇచ్చిందట. ఆయన పిల్లను భుజాన వేసుకొని వానలోనే కైలాస్ దుకాణానికి పోయాడట. "గల్లీ ఏమన్న అనుకోనీ, తీగ దే" అన్నాడట.

వైరు వేశారు. గోపీ బటన్ నొక్కాడు, ముల్లు పైకి పోయి అక్కడే నిలబడింది. బొమ్మ తీసి శుభాంగి గారికి పంపాడు. ఇట్లాగే ఉంటే వచ్చే నెల నుంచి ఇంట్లోనే పని చేసుకోవచ్చని, అయితే నువ్వు అడగాలని ఆమె జవాబిచ్చింది. గోపీ నీకు ఫోన్‌లో చెబితే, నేను ఇక్కడే బాగున్నాను అన్నావట. వాడు ఫోన్ పెట్టేసి, "ఉంటనంటే నేనేమనాలె పెదనాయనా" అని గోడ వైపు తిరిగాడు. నీ గతి గోల అన్నందుకు వాడికి ఇప్పుడు నిన్ను పిలిచే ధైర్యం లేదు. మీ మామగారికి అలవాటు లేదు. నాకు అర్హత లేదు.

నిన్నటి సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. నువ్వు కాల్ చేసినప్పుడు నేను పక్కన మంచం మీద కూర్చున్నాను, నీకు కనిపించను. ఇదివరకు నీ మొహం ఆగి ఆగి కదిలేదట. నిన్న ఆగలేదు. నీ పెదవులు నాకు స్పష్టంగా కనిపించాయి. నా చెవులు పోయాక నీ మాట నాకు చేరడం ఇదే మొదలు. అన్నం తిన్నావా అన్నావు. జడ ఎవరు వేశారన్నావు. పక్కింట్లో మేకపిల్ల అరిచినట్టుంది, పిల్ల కుర్చీ దిగి పరుగెత్తింది. నువ్వు తెర ముందే ఉండిపోయావు. ఖాళీ కుర్చీని చూస్తూ ఒక మాట అన్నావు.

నాకు కనిపించింది ఇది: "నాకు ఇంటికి రావాలనున్నది."

పెదవుల మీది మాట, పొరబడి ఉండవచ్చు. మీ పెద్దమ్మ మాటలనే రోజూ తప్పు చదువుతాను, ఉప్పు అంటే చెప్పు తెచ్చి ఇస్తాను. నీ మాటకు ఒకసారి నా అర్థం నేను చెప్పుకొని నీ ఇంటినే కల్లోలం చేశాను. అందుకే ఈసారి గోపీకి చెప్పలేదు, మీ మామగారికి చెప్పలేదు, మీ పెద్దమ్మకు కూడా రాయలేదు. నిన్నే అడుగుతున్నాను బిడ్డా. నువ్వు అన్నది అదేనా?

కాదంటే ఈ కాగితం చింపెయ్యి, ఆ మాట నేను మళ్లీ ఎత్తను. అవునంటే ఒక్క ముక్క రాయి. ఏ భాషలో రాసినా చదివించుకుంటాను.

పెదనాయన